ఇట్సెల్ చెప్పుకున్న కష్టం

పేద పిల్లలను పెద్ద కాలేజీల్లో ఉచితంగా చదివించే స్కాలర్‌షిప్ కోసం నా మనవరాలు ఇట్సెల్‌కు కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ జరుగుతోంది. నేను వంటింట్లో మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో పిండి పెట్టి తమాలేలు చుడుతూ చెవి అటే వేశాను.

"నువ్వు పడ్డ పెద్ద కష్టం ఏమిటమ్మా?" అని అడిగింది ఇంటర్వ్యూ చేసే ఆవిడ.

తండ్రి లేడని చెబుతుందనుకున్నాను.

"మా అమ్మమ్మేనండీ! లెక్కల్లో తొంభై అయిదొస్తే, మిగతా అయిదూ ఎక్కడ పారేశావే అంటుంది."

పిండి చేతులతోనే గదిలోకి దూసుకెళ్లాను. "తొంభై అయిదు ఎప్పుడొచ్చాయే నీకు? నేనడిగింది తొంభై ఎనిమిదికి. పోయినవి రెండే!"

ఆవిడ పడీపడీ నవ్వింది.

డిసెంబరులో, కోరుకున్న కాలేజీలోనే సీటు వచ్చింది.

"నా నోటి దురుసుకు నీ సీటు పోతుందని హడలిపోయానే" అన్నాను.

"తప్పు లెక్క వింటే నువ్వు ఆగలేవని తెలుసు అమ్మమ్మా. నా గొప్ప నేనే చెప్పుకుంటే ఏం బావుంటుంది?"