తోకకు కట్టిన నిమ్మకాయలు

“ఎవరు కట్టిన్రు దీన్ని?”

కెప్టెన్ జవహర్ అరుపుకు నాగార్జున సాగర్ రన్‌వే పక్కన నిలబడ్డ తండా జనమంతా రెండడుగులు వెనక్కి జరిగారు. రెండు సీట్ల శిక్షణ విమానం తోక కింద నిమ్మకాయలు, పచ్చిమిరపకాయల దండ వేలాడుతోంది. ఆయన జవాబు కోసం ఆగలేదు. దండను పిడికిట పట్టి ఒక్క గుంజు గుంజాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి మళ్ళీ గుంజితే పుటుక్కున తెగి చేతికొచ్చింది. దాన్ని గడ్డిలోకి విసిరికొట్టాడు.

“నేనే కట్టిన సారూ,” అంది మోతీబాయి బెదురుతూ. “మా సోనీ ఇయ్యాల మొదటిసారి ఒక్కతే ఎగురుతది గద. నరుని దిష్టికి నల్లరాయి గూడ పలుగుతదంటరు.”

“చంద్రుని మీద మనిషి కాలు పెట్టి ఇరవై ఏండ్లాయె. మీరింక తోకకు నిమ్మకాయలు కడుతున్నరు! ఇదేమన్న లారీ అనుకున్నవా?”

సోనీ అప్పుడే షెడ్డులోంచి బయటికొచ్చింది. రెక్కలు, చక్రాలు, పెట్రోలు, తోక అన్నీ చేత్తో ముట్టి పరీక్షించి, బాగుందని సంతకం పెట్టడానికి లోపలికి వెళ్ళిన ఆ కాస్తలోనే తల్లి ఈ పని చేసింది. దండ కట్టడం ఆమె చూడలేదు. తెంపడం మాత్రం చూసింది.

“ఎక్కు!” అన్నాడు జవహర్. “ఇయ్యాల ఒక్కదానివే ఎగిరి దిగితెనే పై ట్రైనింగ్‌కు నీ పేరు హైదరాబాద్ పంపుత. లేకుంటె నీ ట్రైనింగ్ గీడనే ఖతం.”

సోనీ ఎక్కలేదు. తోక దగ్గరికి వెళ్ళి వంగింది. ‘విమానాన్ని ఎవరు ముట్టినా మళ్ళీ చూడాలి’ అని ఇన్నాళ్ళూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఆయనే. ఆమె వేళ్ళతో తడిమి చూసి లేచింది. ముఖం మారిపోయింది.

“నేను ఎగర సార్.”

“ఏందీ?”

“ఇది ఎగరొద్దు సార్. తోక కాడ...”

“తోక లేదు, తొండం లేదు! నిమ్మకాయలు తెంపిన్నని భయమైతున్నదా?”

“అది కాదు సార్, జర ఇనుండ్రి...”

“వద్దు బిడ్డా, ఎగరకు!” అని మోతీబాయి అందుకుంది. “కట్టిన కాయలు తెంపితె కీడు!”

ఆ మాటతో మంటలో కిరసనాయిలు పోసినట్టయింది. జవహర్ మంచి పైలటే, చెడ్డవాడేం కాదు. కానీ కోపం వచ్చిందంటే ఆయనకు చెవులు పనిచెయ్యవు.

“తల్లికి తగ్గ బిడ్డవు! ఇంత నేర్పితె నేర్చుకున్నది గిదేనా?”

తండ్రి హేమ్లా కూడా ఊగిపోతూ ముందుకొచ్చాడు. “మిర్యాలగూడ నుంచి ట్రాక్టరేసుకొని ఇంతమంది నిన్ను సూడనీకొచ్చిన్రు. అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తవా? సారు ఎక్కుమంటె ఎక్కు!”

“నాయినా, నీకు తెల్వదు. సార్, మీరన్న ఒక్కసారి తోక ముట్టి సూడుండ్రి.”

“పొద్దుగాల నేను సూసిన్నే! నాకే నేర్పుతవా?” జవహర్ ఆమెను పక్కకు నెట్టాడు. “జరుగు. నేనే ఎగురుత. నిమ్మకాయలు లేకుంట విమానం లేస్తదో లేదో మీ తండా మొత్తం సూస్తది.”

ఆయన రెక్క దాటి తలుపు తెరిచేలోగా సోనీ అవతలి తలుపు నుంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేసుకుంది.

“ఇటియ్యి.”

“ఇయ్య.”

“పేరు కొట్టేస్త.”

“కొట్టేయ్ సార్! నా పేరు పోతె పోనీ. నువ్వు మాత్రం దీంట్ల కూసుంటె నేనొప్పుకోను!”

సార్‌ను ‘నువ్వు’ అన్నానని ఆమెకు తెలియనైనా తెలియలేదు. ఒక్క మాట పూర్తిగా చెప్పనివ్వని ఆ మనిషి మీద, వినకముందే అరిచే తన వాళ్ళ మీద, అందరి మీదా ఒకేలా మండిపోతోంది. తాళంచెవిని పిడికిట్లో బిగించి విసవిసా గడ్డిలోకి నడిచి, వంగి వెతకడం మొదలుపెట్టింది.

“సూడుండ్రి, సూడుండ్రి!” జవహర్ చప్పట్లు కొట్టాడు. “పైలటమ్మ దిష్టికాయలు ఏరుకుంటున్నది! తెచ్చి మళ్ళ కట్టు. అప్పుడు దేవుడే తోలుతడు నీ విమానం!”

ఎవరో కిసుక్కున నవ్వారు. హేమ్లా తల దించుకున్నాడు. మోతీబాయి మాత్రం బిడ్డ తన మాట విన్నదని కళ్ళు తుడుచుకుంది.

సోనీ దండ పట్టుకుని తిరిగొచ్చింది. నేరుగా జవహర్ ముందు నిలబడింది. ఒక్కొక్క నిమ్మకాయనూ, ఒక్కొక్క మిరపకాయనూ పీకి ఆయన బూట్ల ముందు పడేసింది. చివరికి ఆమె చేతిలో ఎర్రదారం మిగిలింది. దాని ముడిలో చిక్కుకుని, మెలితిప్పిన సన్నని ఇనుప తీగ ముక్కొకటి ఉంది.

“కాయలు మీరే ఉంచుకోండ్రి సార్. తోక బోల్టు ఊడకుండ బిగించిన తీగ ఇది. మీరే గుంజిన్రు.”