గంజి బలం

మహాలక్ష్మమ్మకు ఒంట్లో ఉన్న జబ్బు కంటే ఇంట్లో ఉన్న మొగుడే పెద్ద బాధగా తయారయ్యాడు. జబ్బుకైనా పెద్దాసుపత్రిలో సూదిమందుంది. తాతబాబుకి ఎక్కడా లేదు.

ఆ ఉదయం కూడా ఫిషింగ్ హార్బర్ నుంచి వస్తూ వస్తూ పాలసొర చేప పట్టుకొచ్చాడు. తనే ఉడకబెట్టి, తోలు గీకి, చిదిపి, వెల్లుల్లి దట్టించి పుట్టు చేసి, పళ్ళెం తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టాడు.

"తినే లచ్చిమీ. బాలింతరాళ్ళు ఇది తినే లెగిసి కూకుంతారు."

"నానేటి బాలింతనా మావా?" అంది మహాలక్ష్మమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "ఆ వాసనకి పేగులు నోట్లోకొచ్చేత్తన్నాయి. అవతలెట్టు."

"పెళ్ళైన కాణ్ణుంచీ సేపల గంప నెత్తినెట్టుకు తిరిగినావు. ఇప్పుడు కొత్తగా వాసనేటే?"

నిజమే. కంచరపాలెంలో ఆమె కేక వినపడందే కూరకి పొయ్యి వెలిగించని ఇళ్ళున్నాయి. అలాంటిది, క్యాన్సర్‌కని ఈ సూదులు మొదలెట్టాక చేపే కాదు, వేడిగా ఏది పొయ్యి మీంచి దిగినా కడుపులో తిప్పేస్తోంది. పైగా ఏది నోట్లో పెట్టుకున్నా ఇనుము రుచి. "ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడతానే ఉన్నారు. ఇనుం మాత్రం నా నోట్లో అప్పుడే కాగిపోతంది" అంటుంది.

ఒక్కసారే కడుపు నింపొద్దనీ, కొంచెం కొంచెంగా పలుమార్లు తీసుకోమనీ, వాసన పడకపోతే చల్లార్చి తినమనీ డాక్టరమ్మ చెప్పింది. విరేచనాలైతే గంజిలో ఉప్పు మరిచిపోవద్దంది. ఉప్పు గంజి, చల్లారిన ఇడ్లీ, మజ్జిగన్నం. ఆ మూడే లోపల నిలుస్తున్నాయి.

"గంజినీళ్ళకి బరువు పెరుగుతావేటే?" తాతబాబు కస్సుమన్నాడు. "ఈపాలి తగ్గితే సూది ఆపేత్తానంది డాక్టరమ్మ. సూది ఆపేత్తే మరి..."

మిగతా మాట మింగేసి పళ్ళేన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు. మహాలక్ష్మమ్మ భయం కూడా అదే. అయినా పళ్ళెం జరిగినంత మేరా తను వెనక్కి జరిగింది.

"పక్కింటి దేముడమ్మకిచ్చెయ్ మావా. దానికి నీ సేతి వంటంటే పేణం."

సూది రోజు ఆసుపత్రిలో బరువు చూసే మిషను ఎక్కింది మహాలక్ష్మమ్మ. "తూలిపోతావే" అంటూ తాతబాబు వెనకే ఆనుకుని నిలబడి భుజాలు పట్టుకున్నాడు. డాక్టరమ్మ వంగి ముల్లు చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"మూడు కిలోలు పెరిగావే! ఏం తిన్నావు?"

మహాలక్ష్మమ్మకు నమ్మబుద్ధి కాలేదు. నమ్మకుండా ఉండబుద్ధీ కాలేదు.

"గంజేనమ్మా. గంజీ, మజ్జిగన్నం" అని మొగుడి వైపు తిరిగింది. "ఇప్పుడు సెప్పు మావా. గంజికి బలముందా, నేదా?"

"ఉందిలే" అన్నాడు తాతబాబు నేల చూపులు చూస్తూ.

ఏ వాదనలోనూ ఓడి ఎరగని మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకు వింతగానే తోచింది. కానీ చేతికొచ్చిన గెలుపుని తిరగేసి చూసుకునే ఓపిక లేక ఊరుకుంది.

"తగ్గిపోయుంటే సూది ఆపేసీవోరా డాక్టరమ్మ గోరూ?" మెల్లిగా అడిగాడతను.

"మరీ తగ్గితే ఓ వారం ఆగి ఇచ్చేదాన్ని, అంతే. మొత్తానికే మానేస్తామా ఏమిటి?" డాక్టరమ్మ నవ్వి కలం తీసింది. "ఇప్పుడా బెంగ కూడా లేదు. ఈ మందు మనిషి బరువుని బట్టి ఇస్తాం. బరువు పెరిగింది కదా, ఈసారి మోతాదు కాస్త పెంచుతున్నాను."

కిందటి సూది తర్వాత బకెట్టు పక్కన ఆమె తల పట్టుకుని కూర్చున్నది తాతబాబే. గబుక్కున ముందుకొచ్చి, కలం కింద తన అరచెయ్యి అడ్డం పెట్టేశాడు.

"రాయకండమ్మా! తప్పు నాదే. హార్బర్లో సేపల గంప కాటా ఎక్కినప్పుడు తొక్కినట్టే తొక్కేసినాను... ఆ మూడు కిలోలూ గంజివి కావు, నా కాలి బొటనేలివి!"