తొమ్మిదో అంగుళం

“ఇంకొంచెం... ఆపకండి, ఇంకొంచెం!” అంది నూరున్నీసా.

హుస్సేన్ బాషా పళ్లు బిగబట్టి, మడమని మంచం మీద వెనక్కి లాక్కున్నాడు. నుదురంతా చెమట. కాలు చాపినప్పుడు మడమ ఉండే చోట గీసిన సుద్దగీత దగ్గర ఆమె టేపు ఆనించి మడమ దాకా సాగదీసింది.

“తొమ్మిది!”

“నిజమేనేటి?”

“మీ టేపు మీకు అబద్ధం సెప్తాదా?”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూడటానికే ఆమె ఏ పాపానికైనా సిద్ధపడింది.

నలభై ఏళ్లు పాతూరు సందులో మిషను తొక్కిన దర్జీ ఆయన. పంతొమ్మిదివందల ఎనభై ఏడు వేసవిలో, స్టీలు ప్లాంటులో పనిచేసే అల్లుడు దగ్గరుండి, మద్రాసులో మోకాలికి కొత్త కీలు వేయించి తీసుకొచ్చాడు. మడమ పదంగుళాలు వెనక్కొస్తే మళ్లీ మిషను తొక్కొచ్చన్నారు. ఆరు దాకా బాగానే వచ్చింది. అక్కడ మొండికేసింది. మూడు వారాలైనా ఆరే. మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు, ముద్ద ముట్టలేదు.

“మిషను పక్కషాపు కన్నబాబుకి ఇచ్చీ. నా పనైపోనాది,” అన్నాడు.

ఆ పూటే నూరున్నీసా టేపుకున్న ఇత్తడి కొస ఊడదీసి, మొదటి అంగుళం కత్తిరించి, కొస మళ్లీ బిగించింది. ముక్కని పీలికల సంచి అడుక్కి తోసేసింది. మర్నాడు కొలిస్తే ఏడు! ఆయన లేచి కూర్చుని అన్నం పెట్టమన్నాడు. తర్వాత ఇంకో రెండుసార్లు కత్తెర పట్టక తప్పలేదు; ఆ ముక్కలూ ఆ సంచిలోకే పోయాయి.

ఆయన కళ్లజోడు మద్రాసు రైల్లో పగిలింది. కళ్ల దగ్గరికి తెచ్చుకుంటే తప్ప అంకె ఆనదు. సూదిలో దారం మాత్రం వేళ్లతోనే ఎక్కించేస్తాడు. ఆ పీలికలతోనే మోకాలి కిందికి మెత్త కుట్టుకుని, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

“ఏటి, బంగారం దాసేరా అందులో?” అని ఆమె దెప్పేది.

“దర్జీ సొమ్ము. నువ్వు ముట్టకు,” అనేవాడు.

సోమవారం ఊళ్లో ఆసుపత్రికి రమ్మన్నారు.

డాక్టరు మోకాలు వంచి చూసి, తల అడ్డంగా ఊపాడు.

“పోయినసారి ఎంతుందో అంతే, బాషా గారూ. వీసమెత్తు కదల్లేదు. ఆపరేషను తర్వాత గుండె బలహీనపడింది గానీ, లేకపోతే మత్తిచ్చి వంచేవాళ్లం. ఇంక రాదు.”

ఆమెకి చచ్చినంత పనైంది. రిక్షాలో ఆయన టేపు సంగతి ఎత్తుతాడని, నలుగురూ వినేలా తిడతాడని బిక్కచచ్చి కూర్చుంది.

“ఏటలా సూత్తన్నావ్? ఆకలేత్తంది,” అన్నాడంతే.

ఇంటికొచ్చి, మిషను మీద గుడ్డ తీసి చక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పాడు.

“కన్నబాబుని రమ్మను. తుప్పట్టకముందే తీసుకెల్తాడు.”

“అజీ... నాను మీకు...” అంది ఆమె.

“ఏటీ సెప్పకు. అన్నం పెట్టు.”

కర్ర పట్టుకుని చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఆమె ఏడుస్తూనే మంచం దులిపింది. దులుపుతూ, మొదటిసారి, ఆ మెత్తని తిరగేసింది.

అడుగున టేపు ముక్కలు ఒకటి, రెండు, మూడు వరసగా కుట్టి ఉన్నాయి.