తీసేసిన ఫోల్డర్

పక్క గదిలో కస్టమర్ ఎదురుచూస్తున్నాడు. ఇక్కడ భార్యాభర్తల ముందు కంప్యూటర్‌లో ప్రోగ్రాం మొండికేసింది. కోడంతా సాఫీగా కంపైల్ అయి, చివర్లో ఒకటే ఎర్రర్: తెరమీద బొమ్మలు గీసే ఫైలు, గ్రాఫిక్స్ లైబ్రరీ, దొరకలేదు.

“మీ తమ్ముడు అలిగి వెళ్లిన రోజే అతని ఫోల్డర్ మొత్తం ఊడ్చిపారేశారుగా. లైబ్రరీ అందులోనే ఉండేది,” అంది భార్య. “ఫోన్ చెయ్యండి.”

“చచ్చినా చెయ్యను. నెట్‌లోంచి మళ్లీ దించుకుంటా.”

“అతను మన పనికి తగ్గట్టు మార్చుకున్నది నెట్‌లో ఎక్కడుంటుంది?”

పక్క గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. భర్త పళ్లు కొరుకుతూ తమ్ముడికి ఫోన్ కలిపాడు.

“ఒరేయ్, ఆ లైబ్రరీ...”

“తీసేశావా?” తమ్ముడి గొంతులో ఆశ్చర్యమేమీ లేదు. “నీ కోపం నాకు కొత్తా అన్నయ్యా? వెళ్లేముందే వదినకి ఒక కాపీ ఇచ్చాను.”

అతను తలెత్తాడు. భార్య అప్పటికే పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడి ఉంది.

“ముందే చెప్పొచ్చుగా!”

“చెబితే ఫోన్ చేసేవారా?”

ఫైలు దాని చోట చేరింది. ఈసారి ఎర్రర్ రాలేదు. తెర నిండా రంగులు విచ్చుకున్నాయి.

“వచ్చిందా?” ఫోన్‌లో తమ్ముడు ఇంకా ఉన్నాడు.

“వచ్చింది.” అతను గొంతు సవరించుకున్నాడు. “నువ్వెప్పుడొస్తావురా?”