సూది పుండు

మానుకోట అదాలతులో మణెమ్మ సాక్ష్యం చెబుతుంటే రాములమ్మకు ఒళ్లంతా కారం రాసినట్టు మండింది.

"గత్తర సూది ఏసినంక భుజం వాచి చీము పట్టింది సాబ్. కోసి చీము తీసినం. నేనే ఆయన తలకాయ ఒళ్లె పెట్టుకొని తెల్లారెదాంక కాపడం పెట్టిన."

ఒళ్లో పెట్టుకుందట! ఎంత నిబ్బరంగా చెబుతోందో చూడండి.

మణెమ్మ దవాఖానలో ఆయా. మొగుడు పోయాడు గానీ మొహంలో కళ పోలేదు. రాములమ్మ మొగుడు సమ్మయ్యకేమో కుడిచెయ్యి పైకి లేవదు. సర్కారు వేయించిన కలరా సూది వల్లే భుజం పోయింది, నష్టపరిహారం ఇప్పించండని దావా వేశాడు. సంగం దళాల కోసం మిలిటరీ ఊరూరా గాలిస్తుంటే వీడికి సూదిపోటు గొడవ కావాల్సొచ్చిందా అని ఊరంతా నవ్వింది. పైసా రాకున్నా ఫర్వాలేదు, సూది వల్లేనని మున్సిఫ్ రాసిస్తే చాలన్నాడు సమ్మయ్య.

సాక్ష్యం తనే చెబుతానంది రాములమ్మ. పెళ్లాం మాట ఎవరు నమ్ముతారని వకీలు కొట్టిపారేశాడు. దవాఖాన మనిషే ఒప్పుకుంటే ఇక తిరుగుండదన్నాడు. అప్పట్నుంచీ మణెమ్మ వీళ్లింటికి వచ్చిపోతుండేది. ఆమె రాగానే సమ్మయ్య ఎడమచేత్తోనే పీట వేసేవాడు.

"పెండ్లయి ఇన్నేండ్లాయె, నాకెన్నడన్న పీటేసినవా?" అని దులిపేసింది రాములమ్మ. 

ఇప్పుడు సర్కారు వకీలు రాములమ్మనే బోనెక్కించాడు. మొగుడు నొప్పితో పొర్లుతుంటే నువ్వెక్కడున్నావని అడిగాడు. పరాయి ఆడదాని ఒళ్లో వదిలేసి పోయావా అని కూడా అడిగాడు. అదాలతంతా నవ్వింది.

రాములమ్మకు ఇదంతా అబద్ధమని అరిచి, ఆ మణెమ్మ జుట్టు పట్టుకోవాలనిపించింది. అరిస్తే మొగుడి పని అయిపోయినట్టే. గుమ్మం దగ్గర జవాన్లు నిలబడి ఉన్నారు. సమ్మయ్య రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు.

"బయ్యారంల మా తల్లిగారింట్ల ఉన్న సాబ్," అంది చివరికి. "ఆమెనే సూసుకున్నది."

దావా గెలిచారు. మణెమ్మ రెండు చేతులూ పట్టుకుని సమ్మయ్య ఏడ్చేశాడు. రాములమ్మ అది చూస్తూ నిలబడలేక ముందే ఇంటికి వచ్చేసింది.

తలుపు గడియ పెట్టి, పొయ్యి పక్కన మట్టి తవ్వి, ఆ రాత్రి మొగుడి తల తన ఒళ్లో పెట్టుకుని అతని భుజంలోంచి తన చేత్తో పెరికి తీసిన తుపాకి గుండును ఇంకో మూరెడు లోతున పాతిపెట్టింది.