అరిగిన కంచునాణెం

రోమ్ నగరంలో ఆ రాత్రి నేవియా ఒక్కతే, జ్వరంతో పోయిన భర్త రూఫియో పక్కన కూర్చుంది. చనిపోయినవాళ్లను నది దాటించే పడవవాడికి కూలిగా, చక్రవర్తి బొమ్మ అరిగిపోయిన చిన్న కంచునాణెం అతని నోట్లో పెట్టింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే.

ఉన్నట్టుండి ఆ నాణెం ఠంగుమని నేలమీద పడింది. తీసి చూస్తే నల్లటి బురద అంటుకుని ఉంది.

"దాహమేస్తోందే, నేవియా" అన్నాడు రూఫియో.

ఆమె కెవ్వుమంది. మరుక్షణం అతని మీద వాలిపోయింది. "సచ్చినోడా, ఎంత పని చేశావయ్యా!"

"పడవవాడు తీసుకోలేదే. బొమ్మే కనబడటం లేదు, ఇది చెల్లదు పొమ్మన్నాడు."

ఆమె ఏడుస్తూనే పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు. అంతలో, చుక్క నీరు లేని ఆ సందులో, కిటికీ కింద తెడ్డు చప్పుడైంది.

"మంచి నాణెం మా ఇంట్లో లేదు నాయనా!" అని కేకేసింది నేవియా. వెళ్లిరా అనబోయి, నాలుక్కరుచుకుని, మొగుణ్ణి గట్టిగా పట్టుకుని, "వెళ్లు" అంది.