ఎవరూ వినని ఆల్బమ్

“ఆపండి. ఈ బాణీ ఎక్కడిది?”

క్లబ్‌హౌస్ గుమ్మంలో నిలబడి చక్రపాణి అడిగేసరికి పదహారు మంది ఆడవాళ్ల కోలాటం కర్రలు గాల్లోనే ఆగిపోయాయి. తూంకుంటలోని ఆ కాలనీకి ఆయన సెక్రటరీ. వినాయక చవితికి వారం కూడా లేదు. కోలాటం నేర్పడానికి గౌడవెల్లి నుంచి స్కూటీ మీద వచ్చే వినోద పాట ఆపి, చున్నీతో నుదురు తుడుచుకుంది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కనిపించింది చక్రపాణికి.

“గణపతి పాటనే గద సార్.”

“మాటలు గణపతివే. బాణీ ఆ అమూల్యది. ‘దుప్పట్లో దీపం’లో మూడో పాట.”

అమూల్య పాప్ గాయని. రెండేళ్ల కిందట ఆమె తెచ్చిన ఆ ఆల్బమ్ కవరు చూసి జనం చెంపలేసుకున్నారు గానీ, పాటలు మాత్రం వినలేదు. పెట్టుబడి కూడా రాలేదని పత్రికలు రాశాయి.

ప్రెసిడెంట్ ఫణిభూషణ్ కుర్చీలోంచే నవ్వాడు. “అట్టర్ ఫ్లాపండీ అది. వినేవాడే లేనప్పుడు దాని ప్రభావం సంగీతం మీద ఎక్కడ పడుతుంది?”

“నేను మొత్తుకునేది అదే. విషం చుక్క చాలు. చూడండి, వినాయకుడి దాకా వచ్చేసింది.”

“ఇంతకీ మీకెలా తెలిసింది?”

“నిషేధించమని ఫిర్యాదు పెట్టింది నేనే కదా. వినకుండా ఎలా రాస్తాం?” అని చక్రపాణి వినోద వైపు తిరిగాడు. “నీ ఫోన్ ఇటివ్వు.”

ఆమె ఇచ్చింది. ఆయన పైకీ కిందికీ జరిపి జరిపి చూశాడు. బతుకమ్మ పాటలు, బోనాల పాటలు తప్ప ఇంకేమీ లేవు. లేవంటే చెరిపేసిందన్నమాటే అనుకున్నాడు. అనుమానం పుట్టాక ఖాళీ ఫోన్ కూడా సాక్ష్యమే.

“రేపట్నుంచి రానక్కర్లేదు.”

వినోద చేతులు జోడించింది. “గట్లనకుండ్రి సార్. మీరు వద్దంటే శామీర్‌పేట కాలనీలోళ్లు గూడ వద్దంటరు. నా ఇల్లు గడిచేది గీ కోలాటంతోనే. బాణీ నేను తెచ్చింది గాదు, నాకిచ్చిండ్రు.”

“ఎవరు?”

వినోద చూపు ముందు వరుసలోకి వెళ్లి చటుక్కున వెనక్కి వచ్చింది. అక్కడ ఉన్నది కామేశ్వరి, చక్రపాణి భార్య.

చక్రపాణి భార్య వైపు తిరిగాడు. పాతికేళ్ల కాపురం. తను ఆఫీసుకు వెళ్లాక ఈవిడ ఇంట్లో వింటున్నది ఇదా? ఎవరు పంపిస్తున్నారు ఈవిడకి?

“ఇంటికెళ్లాక మాట్లాడుకుందామండీ,” అంది కామేశ్వరి నెమ్మదిగా.

“ఇక్కడే చెప్పు. ఎవరు వినిపించారు నీకు?”

“వద్దండీ. నా మాట వినండి.”

“పరువు పోయాక ఇంకా దాచేదేముంది? అందరి ముందే చెప్పు.”

కామేశ్వరి వినోద కళ్లలోని నీళ్లు చూసింది. చేతిలో కర్రలు రెండూ కింద పెట్టింది.

“ఆ పిల్ల పొట్ట కొట్టలేక చెబుతున్నాను. రోజూ పొద్దున్నే దేవుడి గదిలో హారతిస్తూ మీరు తీసే కూనిరాగమేనండీ అది. ఏదో పాత కీర్తన అనుకున్నాను.”